హిస్పానిక్ ఇరుగుపొరుగు: అమెరికాలోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ళ కిందట వడగళ్ళ వానకి మా ఇంటి పైకప్పు దెబ్బతింది. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్ళలో ఏటా ఎవరో ఒకరికి తప్పని బాధే ఇది. ఇన్సూరెన్స్ వాళ్ళు సరేనన్నాక ఒకరోజు తెల్లారకముందే ఏడుగురు మనుషులు నిచ్చెనలు వేసుకుని పైకెక్కారు. పొద్దుగూకేలోపు పాత షింగిల్స్ పీకేసి కొత్తవి కొట్టేశారు. పైనుంచి పొద్దస్తమానం ఒకటే పిలుపు: "మాయెస్త్రో! మాయెస్త్రో!" వంటింట్లో ఉన్న మా అమ్మ అది విని, "వీళ్ళలో మేస్త్రీ ఎవరే? మజ్జిగ ఆయనకి ముందివ్వాలి" అంది. అమ్మకి స్పానిష్ ఒక్క ముక్క రాదు. మన మేస్త్రీ పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మాట. వాళ్ళ మాయెస్త్రో స్పానిష్ మాట. రెండూ ఒకే లాటిన్ మాటకు పుట్టినవి. పని తెలిసిన పెద్దమనిషిని అక్కడా ఇక్కడా అలాగే పిలుస్తారు.

ఆ మజ్జిగ గ్లాసుల దగ్గర మొదలైన పరిచయాల వల్లే నేను శనివారాలు మా ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పడానికి వెళ్తున్నాను. నా క్లాసులో ఎక్కువమంది హిస్పానిక్ కుటుంబాలవాళ్ళు. అది తెలిసి మనవాళ్ళు నన్నడిగే ప్రశ్నలే ఇవి. తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

హిస్పానిక్, లాటినో: రెండూ ఒకటేనా?

చాలావరకు ఒకే జనం, కానీ కొలిచే పద్ధతి వేరు. హిస్పానిక్ అన్నది భాషను బట్టి: స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు. లాటినో అన్నది నేలను బట్టి: లాటిన్ అమెరికా మూలాలున్నవారు. అందుకే బ్రెజిల్ మనిషి లాటినో అవుతాడు గానీ హిస్పానిక్ కాడు, ఎందుకంటే అక్కడి భాష పోర్చుగీసు. స్పెయిన్ నుంచి వచ్చినామె హిస్పానిక్ అవుతుంది గానీ లాటినా కాదు.

లాటినెక్స్, లాటినే అనే కొత్త మాటలు కూడా వినపడతాయి. ఆడ, మగ తేడా లేకుండా పిలవడానికి పుట్టినవి అవి. కాలేజీల్లో ఎక్కువగా వాడతారు, ఇళ్ళల్లో తక్కువ. నా క్లాసులో పెద్దవాళ్ళని అడిగితే సగం మంది రెండు పేర్లూ పక్కనపెట్టి సొంత దేశం పేరు చెప్పారు: "నేను సాల్వడోర్ మనిషిని", "మాది కొలంబియా". మనల్ని ఎవరైనా సౌత్ ఏషియన్ అంటే ఔనంటాం, కానీ మనసులో మనది గుంటూరో కరీంనగరో. ఇదీ అంతే.

ఇంకొకటి. హిస్పానిక్ అన్నది జాతి కాదు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న ఆదివాసులు, వీళ్ళందరూ కలిసినవాళ్ళు, అందరూ అందులో ఉన్నారు. "మీరు హిస్పానిక్ మూలాలవారా?" అనే ప్రశ్నను అమెరికా జనగణన మొదట 1970లో కొన్ని ఇళ్ళనే అడిగింది. దేశమంతటా అడగడం 1980 నుంచి. 2024లో మార్చిన ప్రభుత్వ నిబంధనల ప్రకారం జాతి ప్రశ్ననూ ఈ ప్రశ్ననూ కలిపి ఒకే ప్రశ్నగా అడగాలి.

మనం అందరినీ "మెక్సికన్లు" అనేస్తుంటాం. అది తప్పా?

తప్పే. దురుద్దేశంతో అంటున్నామని కాదు, కానీ వినేవాళ్ళకి బాధ కలుగుతుంది. 2020 జనగణన ప్రకారం అమెరికాలో హిస్పానిక్ జనాభా 6 కోట్ల 21 లక్షలు, మొత్తం జనాభాలో 18.7 శాతం. వాళ్ళలో మెక్సికో మూలాలున్నవారు దాదాపు 60 శాతం. మిగిలినవాళ్ళు ప్యూర్టోరికో, క్యూబా, ఎల్ సాల్వడోర్, డొమినికన్ రిపబ్లిక్, గ్వాటెమాలా, హోండురస్, కొలంబియా, వెనెజువెలా లాంటి చోట్లవారు. వెనెజువెలా మనిషిని మెక్సికన్ అనడం తెలుగువాణ్ణి మదరాసీ అనడం లాంటిదే. ఆ మాట మనవాళ్ళని ఎంతకాలం నొప్పించిందో మనకు తెలుసు.

టెక్సాస్, కాలిఫోర్నియాల్లో హిస్పానిక్ జనం 39 శాతం పైనే. న్యూ మెక్సికోలో దాదాపు 48 శాతం. మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ రాష్ట్రాల్లో రెండు ఇందులో ఉన్నాయి. మన పిల్లల క్లాసులో, మన వీధిలో, మన ఆఫీసులో, మనం తినే హోటల్ వంటింట్లో వీళ్ళు ఉన్నారు. ఇంత దగ్గరగా ఉన్న మనుషుల గురించి ఇంత తక్కువ తెలుసుకోవడం నాకు సరిగ్గా అనిపించదు. ఈ పేజీ రాయడానికి కారణం అదే.

వీళ్ళంతా ఈమధ్య సరిహద్దు దాటి వచ్చినవాళ్ళే కదా?

కాదు. నేను ఎక్కువసార్లు జవాబు చెప్పాల్సివచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, ఆరిజోనా, నెవాడా, యూటా, ఇవన్నీ ఒకప్పుడు మెక్సికో నేలలు. 1845లో టెక్సాస్‌ను అమెరికా కలుపుకుంది. తర్వాతి ఏడాది యుద్ధం మొదలైంది. 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపె ఇదాల్గో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాంతో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం పోగొట్టుకుంది. ఆ నేల మీద అప్పటికే తరతరాలుగా ఉంటున్నవాళ్ళు రాత్రికి రాత్రి వేరే దేశంలో తేలారు. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అనే మాట వాళ్ళ నోట ఇప్పటికీ వినిపిస్తుంది. సాన్ ఆంటోనియో, ఎల్ పాసో, లాస్ ఏంజెలెస్ అని మనం రోజూ పలికేవి స్పానిష్ పేర్లే.

మద్రాసు రాష్ట్రం విడిపోయినప్పుడు గీత అవతల పడ్డ తెలుగు ఊళ్ళు హోసూరు చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్ళతో మాట్లాడినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కాకపోతే అక్కడ మారింది రాష్ట్రం, ఇక్కడ మారింది దేశం, చట్టం, భూమి పత్రాల భాష. చాలా కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి భూములు పోగొట్టుకున్నాయి.

ప్యూర్టోరికో కథ వేరు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం తర్వాత ఆ దీవి అమెరికా చేతికొచ్చింది. 1917లో అక్కడివారికి అమెరికా పౌరసత్వం వచ్చింది. కాబట్టి ప్యూర్టోరికో మనిషిని "మీ వీసా ఏంటి?" అని అడగకండి. వాళ్ళు పుట్టుకతో పౌరులు. అయినా ఆ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు.

ఇక పిలిపించుకుని తెచ్చుకున్నవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పొలాల్లో మనుషులు చాలక అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు 1942లో బ్రాసేరో పథకం పెట్టాయి. బ్రాసో అంటే చెయ్యి. రెక్కల కష్టం అంటాం చూడండి, ఆ పేరులో ఉన్నది అదే. 1964లో ముగిసేలోపు ఆ పథకం కింద 40 లక్షలకు పైగా కాంట్రాక్టులు రాశారు. కొందరికి జీతంలో పట్టుకున్న పొదుపు డబ్బు ఎన్నడూ చేతికందలేదు.

అందరికీ స్పానిష్ వచ్చినట్టేనా?

రాదు. రెండు వైపుల నుంచీ రాదు. ఇక్కడ మూడో తరం పిల్లల్లో చాలామంది ఇంగ్లీషే మాట్లాడతారు, అమ్మమ్మతో మాట్లాడలేకపోతున్నామని బాధపడతారు. మన ఇళ్ళలో తెలుగుకి జరుగుతున్నదీ అదే కాబట్టి ఆ బాధ నాకు బాగా అర్థమవుతుంది. పైగా ఒకప్పుడు టెక్సాస్ బళ్ళలో స్పానిష్ మాట్లాడితే పిల్లల్ని కొట్టేవారు. ఆ దెబ్బలు తిన్న తరం తమ పిల్లలకి ఆ భాష నేర్పడానికి భయపడింది.

రెండో వైపు, గ్వాటెమాలా కొండల నుంచో దక్షిణ మెక్సికో నుంచో వచ్చినవారికి ఇంటి భాష మామ్, కిచే, మిష్తెక్, జాపోతెక్ లాంటిది కావచ్చు. స్పానిష్ వాళ్ళకి బడిలో నేర్చుకున్న రెండో భాష, ఒక్కోసారి అదీ అంతంతమాత్రం. ఆదిలాబాద్ గోండు పెద్దాయన్ని ఆసుపత్రిలో తెలుగులో గబగబా అడిగి ఆయన తలూపితే అర్థమైందని రాసుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది. మా క్లాసుకి వచ్చే ఒకావిడ మూడు వారాలు నోరు విప్పలేదు. సిగ్గేమో అనుకున్నాం. స్పానిష్‌లో ఇచ్చిన కాగితం ఆమెకు చదవడం రాదని, ఆమెది మామ్ భాషని నాలుగో వారం తెలిసింది. అప్పట్నుంచి మొదటిరోజే "ఇంట్లో ఏ భాష?" అని అడుగుతున్నాను.

రెండేసి ఇంటిపేర్లు ఉంటాయి. ఎలా పిలవాలి?

స్పానిష్ పద్ధతిలో పేరు తర్వాత నాన్న ఇంటిపేరు, ఆ తర్వాత అమ్మ ఇంటిపేరు వస్తాయి. గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ అనే రచయితను మార్కెజ్ అనడం అలవాటైపోయింది గానీ, ఆయన గార్సియా మార్కెజ్. పెళ్ళయ్యాక ఆడవాళ్ళు తమ ఇంటిపేరు మార్చుకోకపోవడం మామూలు. కాబట్టి భార్య పేరు, భర్త పేరు, పిల్లల పేరు మూడూ మూడు రకాలుగా ఉన్నా కంగారు పడాల్సింది లేదు.

అమెరికా ఫారాల్లో మధ్య గడిలో ఒకటి, చివర గడిలో ఒకటి పడి వాళ్ళ పేర్లు చెదిరిపోతాయి. ఇంటిపేరు ముందా వెనకా అని మనం పడే అవస్థ, పాస్‌పోర్టులో ఒకలా లైసెన్సులో ఒకలా పడ్డ పేర్ల కోసం తిరిగిన తిరుగుళ్ళు గుర్తు తెచ్చుకోండి. స్కూలు, క్లినిక్ లాంటి చోట వాలంటీరుగా ఫారం నింపుతుంటే, "మీ పేరు పూర్తిగా ఎలా రాసుకుంటారు?" అని అడిగి వాళ్ళు చెప్పినట్టే రాయండి. దీనివల్ల తర్వాత ఎన్ని చిక్కులు తప్పుతాయో నేను చూశాను.

సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 వరకు హిస్పానిక్ వారసత్వ మాసం అంటారు. నెల మధ్యలో ఎందుకు మొదలవుతుంది?

1821 సెప్టెంబర్ 15న కోస్టారికా, ఎల్ సాల్వడోర్, గ్వాటెమాలా, హోండురస్, నికరాగువా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. మర్నాడు 16 మెక్సికోది, 18 చిలీది. అందుకే ఆ తేదీ. 1968లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాలంలో వారంగా మొదలైంది, 1988లో రేగన్ కాలంలో నెల అయింది.

మే 5 మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు. 1862లో పుయెబ్లా దగ్గర ఫ్రెంచి సేనను మెక్సికో ఓడించిన రోజు అది. ఆఫీసు పార్టీల్లో ఆరోజు పెద్ద టోపీలు, అతికించుకున్న మీసాలు కనపడతాయి. మన పిల్లలకి అవి తగిలించకండి.

వాళ్ళ పండుగలకి పిలిస్తే వెళ్ళొచ్చా?

తప్పకుండా వెళ్ళండి. ముఖ్యంగా నవంబర్ 1, 2 తేదీల్లో వచ్చే దీయా దె లోస్ ముయెర్తోస్‌కి, అంటే పోయినవాళ్ళ దినానికి. పోయిన పెద్దలు ఆ రెండ్రోజులు ఇంటికొస్తారని నమ్మకం. ఇంట్లో ఒక బల్ల మీద మెట్లు మెట్లుగా అమర్చి, ఫోటోలు, కొవ్వొత్తులు, ఉప్పు, నీళ్ళు, పోయినవాళ్ళకి ఇష్టమైన తిండి పెడతారు. ఆ బల్లని ఒఫ్రెందా అంటారు. గుమ్మం నుంచి బల్లదాకా బంతిపూల రేకులు చల్లుతారు, ఆ వాసన పట్టుకుని దారి తెలుసుకుంటారని.

నేను మొదటిసారి చూసింది నా విద్యార్థిని ఒకామె ఇంట్లో. వాళ్ళ నాన్నగారి ఫోటో ముందు ఒక చిన్న సీసా కోలా, అరటాకులో చుట్టిన తమాలే, ఆయన కళ్ళజోడు. కళ్ళజోడు చూసి నేను ఆగిపోయాను. మా తాతయ్య తద్దినానికి మా నానమ్మ ఆయన పొడి డబ్బా పక్కనే పెట్టేది. తెలంగాణలో పెత్తరమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చుకుని, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. ఆ బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు పుట్టింది మెక్సికో, మధ్య అమెరికా నేలల్లోనే. అక్కడ దాని పేరు సెంపాసూచిల్. మన మిరపకాయా అక్కడిదే. పోర్చుగీసు ఓడలు తెచ్చేదాకా మన కూరల్లో కారం మిరియాలదే. టమాటా, మొక్కజొన్న, జామ, సీతాఫలం కూడా ఆ ఖండం నుంచే వచ్చాయి. వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలని అడుగుతారు కదా, నేను బంతిపూలు తీసుకెళ్తాను.

వాళ్ళ హక్కుల పోరాటాల గురించి పిల్లలకి ఏం చెప్పాలి?

మూడు సంగతులు చెప్పండి.

మొదటిది మెండెజ్ కేసు. 1940ల్లో కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ పిల్లలకి వేరే బళ్ళుండేవి. ఒక మేనత్త తన పిల్లల్నీ, మెండెజ్ ఇంటి పిల్లల్నీ కలిపి వెస్ట్‌మిన్‌స్టర్‌లోని ఒక బడికి తీసుకెళ్ళింది. తెల్లగా ఉన్న తన పిల్లల్ని చేర్చుకున్నారు, చామనచాయగా ఉన్న మెండెజ్ పిల్లల్ని వద్దన్నారు. ఆమె తన పిల్లల్ని కూడా వెనక్కి తెచ్చేసింది. గొంజాలో, ఫెలిసిటాస్ మెండెజ్ దంపతులు ఇంకొన్ని కుటుంబాలతో కలిసి కోర్టుకెక్కారు. 1946లో గెలిచారు, 1947లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ఆ ఏడాదే కాలిఫోర్నియా గవర్నర్ ఎర్ల్ వారెన్ బళ్ళలో వేర్పాటు చట్టాల రద్దు మీద సంతకం పెట్టారు. తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, 1954లో బళ్ళలో జాతి వేర్పాటు చెల్లదని దేశమంతటికీ వర్తించేలా బ్రౌన్ తీర్పు రాసింది ఆయనే. మెండెజ్ కుటుంబం అప్పుడు సాగు చేస్తున్న పొలం ఒక జపనీస్ అమెరికన్ కుటుంబానిది. వాళ్ళని యుద్ధకాలంలో నిర్బంధ శిబిరానికి పంపేస్తే, పొలం కౌలుకు తీసుకుని కాపాడారు.

రెండోది, మన టెక్సాస్‌ది. 1954 మే 3న, బ్రౌన్ తీర్పుకి సరిగ్గా రెండు వారాల ముందు, హెర్నాండెజ్ కేసులో సుప్రీంకోర్టు మెక్సికన్ అమెరికన్లకూ రాజ్యాంగపు సమాన రక్షణ ఉందని చెప్పింది. జ్యూరీల్లోకి వాళ్ళని రానివ్వడం లేదన్నది వివాదం. ఆ కేసు మొదట నడిచిన టెక్సాస్‌లోని జాక్సన్ కౌంటీ కోర్టు భవనంలోనే మగవాళ్ళ మరుగుదొడ్లు రెండు ఉండేవి. ఒకదాని మీద నల్లవాళ్ళకని, దాని కిందే స్పానిష్‌లో "మగవాళ్ళు ఇక్కడ" అని రాసి ఉండేది.

మూడోది కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల సమ్మె. 1965 సెప్టెంబర్ 8న మొదలుపెట్టింది లారీ ఇట్లియాంగ్ వెంట ఉన్న ఫిలిప్పినో కూలీలు. సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్తా ఉన్న సంఘం సెప్టెంబర్ 16న, అంటే మెక్సికో స్వాతంత్ర్య దినాన, వాళ్ళతో కలిసింది. అయిదేళ్ళు నడిచింది. దేశమంతా ద్రాక్షపళ్ళు కొనడం మానేయించి 1970లో ఒప్పందాలు సాధించారు. ఆసియా వాళ్ళు మొదలుపెట్టిన పోరాటంలో హిస్పానిక్ జనం వచ్చి చేరారన్నది మన పిల్లలు వినాల్సిన మాట.

ఇదే దారిలో 1982 ప్లైలర్ తీర్పు కూడా. టెక్సాస్‌లోని టైలర్ ఊళ్ళో కాగితాల్లేని పిల్లల నుంచి ఏడాదికి 1,000 డాలర్లు ఫీజు అడిగారు. కాగితాలున్నా లేకపోయినా పిల్లలకి ప్రభుత్వ బడి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 5–4 తేడాతో చెప్పింది.

మన భారతీయులకి వాళ్ళతో పాత బంధం ఏమైనా ఉందా?

ఉంది, అదీ నూరేళ్ళ నాటిది. 1900ల మొదట్లో పంజాబ్ నుంచి కాలిఫోర్నియాకి వచ్చిన రైతులు ఇంపీరియల్ లోయలో, యూబా సిటీ వైపు పొలాలు చేశారు. 1917 చట్టం వల్ల ఊరి నుంచి ఆడవాళ్ళు రావడానికి వీల్లేదు. తెల్లవాళ్ళని పెళ్ళి చేసుకోవడానికి అప్పటి చట్టం ఒప్పదు. 1913 చట్టం వల్ల భూమి కొనడానికీ వీల్లేదు. అలా చాలామంది మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్ళి చేసుకున్నారు. స్పానిష్ పేరు, వెనక సింగ్ అనే ఇంటిపేరు ఉన్న పిల్లలు పుట్టారు. ఒకే వంటింట్లో రొట్టె, తొర్తియా రెండూ కాలేవి. మనకి పౌరసత్వానికి దారి తెరుచుకున్నది 1946లో. అంతవరకు ఆ మగవాళ్ళకి ఈ దేశంలో ఇల్లూ వాకిలీ అయింది ఆ ఆడవాళ్ళే.

సాయం చేయాలంటే నమ్మదగ్గ సంస్థలేవి?

దేశవ్యాప్తంగా పనిచేసేవాటిలో పాతది లూలాక్. 1929లో టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీలో పుట్టింది. అదే ఊళ్ళో 1948లో డాక్టర్ హెక్టర్ గార్సియా అమెరికన్ జీఐ ఫోరం పెట్టారు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల హక్కుల కోసం. కోర్టు పోరాటాలకి మాల్డెఫ్, 1968లో సాన్ ఆంటోనియోలో మొదలైంది. యునిడోస్ యూఎస్ కూడా 1968దే, ఈ పేరు మాత్రం 2017 నుంచి. దేశంలో ఊరూరా ఉన్న చిన్న సంస్థలతో కలిసి పనిచేస్తుంది. న్యూయార్క్ వైపు ఉన్నవారికి 1990 నాటి హిస్పానిక్ ఫెడరేషన్, 1961లో ఆంటోనియా పాంతోహా మొదలుపెట్టిన ఆస్పిరా.

చదువుకి హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్, 1975 నుంచి. ఇంజినీర్లకి 1974లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన షిపె. ఐటీలో ఉన్నవాళ్ళు మెంటరుగా వెళ్ళడానికి ఇది మంచి చోటు. టెక్సాస్‌లో భవన నిర్మాణ కార్మికుల కోసం ఆస్టిన్‌లో 2002లో మొదలైన వర్కర్స్ డిఫెన్స్ ప్రాజెక్ట్, వలస కేసులకి సాన్ ఆంటోనియోలోని రైసెస్ ఉన్నాయి.

నా మాట అడిగితే, పెద్ద పేర్లకి ఇచ్చేది ఇవ్వండి గానీ ముందు మీ ఊళ్ళో వెతకండి. చర్చి వెనక గదిలో నడిచే ఆహార పంపిణీ, లైబ్రరీలో జరిగే ఇంగ్లీషు క్లాసు, స్కూలుకి అనుబంధంగా ఉండే తల్లుల బృందం, ఇలాంటి చోట్ల 200 డాలర్లు కూడా కంటికి కనపడే పని చేస్తాయి. ఆ సంస్థని నడిపేవాళ్ళలో, నిర్ణయాలు తీసుకునేవాళ్ళలో హిస్పానిక్ మనుషులు ఉన్నారా అన్నది కూడా చూడండి.

డబ్బిచ్చేముందు ఏం చూసుకోవాలి?

అమెరికా ఆదాయపు పన్ను శాఖ (ఐఆర్ఎస్) వెబ్‌సైట్లో పన్ను మినహాయింపు సంస్థల్ని వెతికే పేజీ ఉంది. అక్కడ పేరు కొట్టి చూడండి. సంస్థలు ఏటా ఆ శాఖకి ఇచ్చే ఫారం 990లో ఎంత వచ్చింది, ఎంత జీతాలకు పోయింది అన్నవి తెలుస్తాయి. మీ కంపెనీలో మ్యాచింగ్, అంటే మీరిచ్చిన విరాళానికి కంపెనీ కూడా జతగా ఇచ్చే పద్ధతి, ఉందేమో కనుక్కోండి. మనవాళ్ళు చాలామంది పనిచేసే పెద్ద కంపెనీల్లో ఉంటుంది, కానీ అడగక వదిలేస్తారు. కొన్ని కంపెనీలు వాలంటీరు గంటలకి కూడా సంస్థకి డబ్బిస్తాయి.

హెచ్1బీ మీద ఉన్నాను. వాలంటీరుగా వెళ్ళొచ్చా?

మామూలుగా ఎవరూ జీతం తీసుకోకుండా చేసే పనులకి, అంటే ఆహారం పంచడం, పిల్లలకి చదువు చెప్పడం లాంటివాటికి వెళ్ళొచ్చు. జీతమిచ్చి చేయించాల్సిన ఉద్యోగాన్ని ఊరికే చేస్తేనే చిక్కు. ఆ సంస్థ వెబ్‌సైట్ కట్టిపెట్టడం లాంటి పనైతే ముందు మీ లాయర్ని ఒక్క మాట అడగండి.

మాకు చిన్న హోటల్ ఉంది. వంటింట్లో పనిచేసేవాళ్ళు హిస్పానిక్. వాళ్ళకి ఏం చేయగలం?

ఈ ప్రశ్న అడిగినందుకు ముందు మీకు దండం. నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

చేసిన పనికి చేసిన వారానికి లెక్క కట్టి ఇవ్వండి. 1938 నాటి కేంద్ర చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. కాగితాలు ఎలా ఉన్నా చేసిన పనికి ఆ కూలీ హక్కే. నాకు తెలిసిన ఒకచోట పుయెబ్లా నుంచి వచ్చిన వంటాయన పెసరట్టు మన ఇళ్ళలోకంటే పల్చగా పోస్తాడు, అల్లం ముక్కలు అంచుదాకా సర్దుతాడు. ఆదివారాలు తెలుగు కుటుంబాలు వరస కట్టి తింటాయి. ఆయనకి ఆరు వారాల ఓవర్‌టైం రాలేదు. నోట్‌బుక్‌లో గంటలు పెన్సిల్‌తో రాసుకున్నాడు, తేదీ, వచ్చిన టైము, వెళ్ళిన టైము. ఆ పుస్తకం నాకు చూపించినప్పుడు చేతులు వణుకుతున్నాయి, అడిగితే ఉన్న పని కూడా పోతుందేమోనని. ఆ పుస్తకమే చివరికి ఆయనకి డబ్బు తెచ్చిపెట్టింది. మనవాళ్ళ హోటల్లో ఇలా జరిగిందని రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయాలి.

ఇంటి పని చేయించుకునేవారికి కూడా ఒక మాట. జులైలో టెక్సాస్ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆస్టిన్, డాలస్ నగరాల్లో భవన కార్మికులకి నాలుగు గంటలకోసారి 10 నిమిషాల విరామం ఇవ్వాలని స్థానిక నిబంధనలుండేవి. ఇలాంటివి చెల్లకుండా చేసే చట్టాన్ని 2023లో రాష్ట్ర చట్టసభ చేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, మీ కప్పు మీదికెక్కిన మనిషికి నీడ, చల్లటి నీళ్ళు, వాడుకోవడానికి బాత్రూము ఇవ్వడం మీ చేతుల్లో ఉంది. అందరినీ "అమీగో" అని కేకేయకుండా పేరు అడిగి పిలవండి.

నోటారియో దగ్గరికి వెళ్ళొద్దంటారు. ఎందుకు?

మెక్సికోలో నోటారియో పుబ్లికో అంటే బాగా చదువుకుని, పరీక్షలు దాటి, ప్రభుత్వం నియమించిన లాయరు. అమెరికాలో నోటరీ పబ్లిక్ అంటే సంతకానికి సాక్షి మాత్రమే. ఈ తేడాని వాడుకుని కొందరు బోర్డులు పెట్టి, వలస కేసులు చూస్తామని వేల డాలర్లు గుంజి, తప్పుడు ఫారాలు వేసి కుటుంబాల్ని ముంచారు. అందుకే టెక్సాస్‌లో నోటరీలు తమ ప్రకటనల్లో ఆ స్పానిష్ పేరు వాడటమే నిషేధం. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఇలాంటి చోటికి వెళ్తున్నారంటే, లైసెన్సున్న లాయరు దగ్గరికో, న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధి ఉన్న స్వచ్ఛంద సంస్థకో పంపండి. కన్సల్టెన్సీల చేతిలో మోసపోయిన మన విద్యార్థుల కథలు విన్నవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఆసుపత్రిలో పిల్లవాడు తల్లికి అనువాదం చేస్తుంటే చూశాను. మంచిదే కదా?

మంచిది కాదు. పదేళ్ళ పిల్లవాడి నోటితో తల్లికి క్యాన్సరని చెప్పించకూడదు. కేంద్ర నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా అనువాదకుల్ని ఇవ్వాలి, అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లల మీద ఆధారపడకూడదు. ఫోన్లోనైనా అనువాదకుణ్ణి పెట్టమని అడిగే హక్కు ఉందని వాళ్ళకి చెప్పండి. మన అమ్మానాన్నలకీ ఇదే హక్కు ఉంది, తెలుగు అనువాదకుల్ని అడగండి.

మానసికంగా కుంగిపోయినవారు 988కి ఫోన్ చేసి 2 నొక్కితే స్పానిష్‌లో మాట్లాడతారు. మెక్సికో కాన్సులేట్లలో వెంతానియా దె సలూద్ అనే ఆరోగ్య సలహా కౌంటర్లు ఉంటాయి. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి ఎక్కడ చూపించుకోవాలో అక్కడ చెబుతారు.

ఇంకా తెలుసుకోవడానికి ఎక్కడికి వెళ్ళాలి?

వాషింగ్టన్ వెళ్తే స్మిత్‌సోనియన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో 2022లో తెరిచిన మొలీనా కుటుంబం పేరిట ఉన్న లాటినో గ్యాలరీ చూడండి. అమెరికన్ లాటినో జాతీయ మ్యూజియానికి 2020 డిసెంబరులో చట్టం అయింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1943 నుంచి స్పానిష్, పోర్చుగీసు రచయితల గొంతులు రికార్డు చేసి దాచుతోంది. పాలాబ్రా అనే ఆ భాండాగారంలో చిలీ కవులు గాబ్రియేలా మిస్త్రాల్, నెరూడా స్వయంగా చదివినవి వినొచ్చు. అంకెలు కావాలంటే జనగణన శాఖ, ప్యూ పరిశోధనా కేంద్రం పేజీలు.

స్పానిష్ నాలుగు ముక్కలైనా నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఉస్తెద్" దగ్గర. స్పానిష్‌లో "తూ" అంటే నువ్వు, "ఉస్తెద్" అంటే మీరు. ఈ తేడా ఇంగ్లీషులో లేదు గానీ మనకి పుట్టుకతో వచ్చు. పెద్దవాళ్ళతో, కొత్తవాళ్ళతో ఉస్తెద్ అనండి. పెద్దాయనకి పేరు ముందు దోన్, పెద్దావిడకి దోన్యా. మన పేరు వెనక గారు ఎక్కడ పడుతుందో వాళ్ళకి పేరు ముందు ఇది అక్కడ పడుతుంది. పొద్దున "బువెనోస్ దీయాస్", తింటున్నవాళ్ళ పక్కనుంచి వెళ్తుంటే "ప్రొవేచో", సాయం అందితే "గ్రాసియాస్".

ట, డ, త, ద విడివిడిగా పలికే నోరు మనది కాబట్టి స్పానిష్ త, ద మనకి ఇంగ్లీషు వాళ్ళకంటే తేలిగ్గా వస్తాయి. "పెర్రో"లో బరువైన ఱ కూడా పాత తెలుగులో ఉన్నదే. మా క్లాసులో ఒక సాల్వడోర్ తాతగారు నాకు వారానికి అయిదు మాటలు నేర్పుతారు, నేను ఆయనకి ఇంగ్లీషు అయిదు. పోయిన శనివారం ఆయన తెలుగు కూడా ఒకటి అడిగారు. "మేస్త్రీ" చెప్పాను. రెండుసార్లు పలికి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, స్పానిష్ అక్షరాల్లో రాసుకున్నారు.